కాంతాసమ్మితోపదేశము – గురజాడ వారి కన్యాశుల్కము



అనకాపల్లి నూకాంబికా అమ్మవారి సన్నిధిలో కొత్త అమావాస్య నాడు జాతర మొదలగును. ఉగాదికి ముందు రోజున ఆరంభమై నెల దినములు సాగు ఆ ఉత్సవమునకు ఉత్తరాంధ్ర పల్లెల నుండి జనులు తరలి వత్తురు. ఈ సీమలో గ్రామదేవత పండుగ అనగా పూజ, నైవేద్యము, మ్రొక్కుబడి మాత్రమే కాదు. తప్పెటగుళ్లు, హరికథ, బుర్రకథ, తెల్లవారు వరకు నాటకము. ఇవన్నియు అమ్మవారి సేవలో భాగములనియే ఇచ్చటి పెద్దలు తలచినారు.

అయితే కళను గూర్చి నేడు రెండు మాటలు వినబడుచున్నవి. కళ భగవత్ప్రీతి కొరకే గాని సంఘమును దిద్దుట దాని పని కాదని భక్తులలో కొందరందురు. కళ సంఘమును మార్చుట కొరకే పుట్టినది, పూజతోను పురాణముతోను దానికి నిమిత్తము లేదని మరికొందరందురు. చూచుటకు ఈ రెండును విరుద్ధములు. కాని లోతుగా చూచిన రెండింటి దోషమును ఒక్కటే. మన సంప్రదాయము ఒక్కటిగా చూచిన దానిని ఇరువురును రెండుగా చీల్చుచున్నారు. ఈ మాటకు సాక్ష్యము వెదకుటకు దూరము పోనక్కరలేదు. అనకాపల్లి జిల్లాలోనే, ఎలమంచిలి ప్రాంతమున, ఎస్. రాయవరము అను గ్రామమున్నది. 1862లో మహాకవి గురజాడ వెంకట అప్పారావు గారు జన్మించినది అచ్చటనే.

కావ్యము లోకమునకు ఏ విధముగా ఉపదేశించునో 11వ శతాబ్దమునకు చెందిన కాశ్మీర పండితుడు మమ్మటాచార్యుడు కావ్యప్రకాశములో సూచించినాడు. దానిని వ్యాఖ్యాతలు విస్తరించి మూడు విధములుగా చెప్పిరి. వేదము ప్రభుసమ్మితము. రాజాజ్ఞ వలె అది శాసించును. ఎందుకని అడుగుటకు వీలు లేదు. పురాణేతిహాసములు సుహృత్సమ్మితములు. మిత్రుని వలె అవి ఇది చేసిన మేలు, అది చేసిన కీడు అని నచ్చజెప్పును. కావ్యము కాంతాసమ్మితము. ప్రియురాలి వలె అది మనస్సును కరగించి, తన దారికి త్రిప్పుకొనును. ఆజ్ఞ చెవిని చేరును, హితవు బుద్ధిని చేరును, రసము హృదయమును చేరును. అలంకారశాస్త్ర విద్యార్థులందరు మొదటి దినములలోనే నేర్చుకొను విషయమిది. కాని ఈ మూడు మెట్లును ఒక సామాజిక దురాచారము విషయములో ఒకదాని వెనుక ఒకటిగా పరీక్షింపబడిన సందర్భము చరిత్రలో అరుదు. అట్టి అరుదైన సందర్భము మన ఉత్తరాంధ్రలోనే సంభవించినది. అదియే కన్యాశుల్కము.

ఆ ఆచారమేమిటో నేటి యువతకు తెలియకపోవచ్చును. కన్యను వివాహమాడ గోరు వరుని నుండి ఆమె తండ్రి ధనము పుచ్చుకొనుట కన్యాశుల్కము. ధనము గలవాడు వయస్సు మీరినవాడే అయినను అడ్డు లేదు. వధువు వయస్సు తగ్గిన కొలది ధర నిర్ణయము తండ్రి చేతిలోనికి వచ్చును. విజయనగర సంస్థానాధీశులు ఆనంద గజపతి మహారాజు గారు విశాఖపట్టణ మండలములోని బ్రాహ్మణ కుటుంబములలో మూడు సంవత్సరముల కాలములో జరిగిన శుల్క వివాహముల పట్టిక నొకదానిని తయారు చేయించినారు. ఆ లెక్కలను గురజాడ వారు తమ నాటకము తొలి ముద్రణకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో పొందుపరచినారు. మొత్తము వివాహములు 1,034. వానిలో ఐదేండ్ల వయస్సు బాలికలవి 99, నాలుగేండ్ల వారివి 44, మూడేండ్ల వారివి 36, రెండేండ్ల వారివి 6, ఒక సంవత్సరము వయస్సు శిశువులవి 3. ఆ ఏడాది శిశువులకు ఒక్కొక్కరికి పలికిన వెల 350 మొదలు 400 రూపాయలు.

ఈ సంఖ్యలను ఒకసారి చదివి విడిచిపెట్టరాదు. వివాహమనగా మంత్రము, అగ్ని, సప్తపది. ఋగ్వేదములోని వివాహసూక్తము వధువును అత్తవారింటికి సామ్రాజ్ఞివి కమ్మని ఆశీర్వదించును. సప్తపదిలో ఏడవ అడుగుతో వధూవరులు సఖులగుదురు. నడక రాని శిశువు చేత ఆ ఏడడుగులు ఎవరు వేయించిరి? ఆ సూక్తము ఎవరి చెవిలో పలికిరి? ఆ 1,034 వివాహములలో ప్రతి దాని యందును అగ్ని ముందు ఒక పురోహితుడు కూర్చుండి మంత్రము చెప్పి, దక్షిణ పుచ్చుకొని, ఆశీర్వదించి లేచినాడు. వైదిక వృత్తిలో ఉన్నవారు ఈ మాటను దాటి పోవుటకు వీలు లేదు.

శాస్త్రము దీనిని అంగీకరించినదా అనిన, లేదు. ఎనిమిది విధముల వివాహములను చెప్పిన మనువు ధనమిచ్చి కన్యను గైకొనుటను ఆసుర వివాహమన్నాడు. అంతటితో ఆగక, విద్వాంసుడైన తండ్రి అణుమాత్రమైనను శుల్కము గ్రహింపరాదని, లోభముచేత గ్రహించినవాడు సంతానమును విక్రయించినవాడగునని తృతీయాధ్యాయములో స్పష్టముగా నిషేధించినాడు. గుణహీనునకిచ్చుట కంటె కన్యను జీవితాంతము పుట్టింటనే ఉంచుట మేలని నవమాధ్యాయములో చెప్పినాడు. ప్రభుసమ్మితమైన ఆజ్ఞ ఇంతకంటె స్పష్టముగా ఉండజాలదు. ఆ ఆజ్ఞను కంఠస్థము చేసినవారే దానిని ఉల్లంఘించిరి. ఆసుర వివాహము చేయుచు బ్రాహ్మ వివాహ సంకల్పము చెప్పిరి.

శాస్త్రాజ్ఞ విఫలమైన చోట రాజాజ్ఞ నిలువవలెనని తలచి ఆనంద గజపతి వారు మద్రాసు శాసనసభలో ఈ దురాచారమును నిషేధించు బిల్లు తెచ్చినారు. అది చట్టము కాలేదు. ఇట్లు మొదటి మెట్టు రెండు విధములుగాను పని చేయలేదు.

రెండవ మెట్టు సుహృత్సమ్మితము. అది కందుకూరి వీరేశలింగము పంతులు గారిది. వారు పత్రిక నడిపిరి, ఉపన్యసించిరి, ప్రహసనములు వ్రాసిరి, శాస్త్రార్థ వాదము చేసిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహమును జరిపించిరి. వెలివేతను సహించిరి. వారి త్యాగము ఎనలేనిది. కాని మిత్రుని హితవునకు ఒక పరిమితి కలదు. మిత్రుడని ఒప్పుకొన్నవాడే దానిని వినును. శత్రువని తలచినవాడు తలుపు మూసికొనును. మరియొక ప్రమాదము కూడ కలదు. హితవు పలుకు మాటలు నేర్చుకొనుట సులభము. వానిని నేర్చినవాడెల్ల హితుడు కాడు. ఆ ప్రమాదమునకు గురజాడ వారు గిరీశము అను పేరు పెట్టినారు.

మూడవ మెట్టు ఎక్కినది గురజాడ వారు. కన్యాశుల్కము నాటకము 1892లో విజయనగరములో ప్రదర్శింపబడినది. 1897లో ముద్రితమై ఆనంద గజపతి వారికి అంకితమైనది. 1909లో, దాదాపు క్రొత్త నాటకమే అనదగినంతగా పెంపొంది, రెండవ కూర్పు వెలువడినది. నేడు మనము చదువునది, చూచునది ఈ రెండవ రూపమే.

కథ అందరెరిగినదే. కృష్ణరాయపురము అగ్రహారములో అగ్నిహోత్రావధానులు. పెద్ద కుమార్తె బుచ్చమ్మను వృద్ధునకిచ్చి వివాహము చేయగా ఆమె బాల్యములోనే వితంతువైనది. అది చూచియు చిన్న కుమార్తె సుబ్బిని రామచంద్రపురము అగ్రహారములోని వృద్ధుడైన లుబ్ధావధానులకు ఇచ్చుటకు సిద్ధపడినాడు. తల్లి వెంకమ్మ ఏడుపు ఆయన చెవికెక్కలేదు. అప్పుడు ఆ బాలికను రక్షించుటకు పూనుకొన్నది ఎవరు? శాస్త్రపండితుడు కాడు, న్యాయాధిపతి కాడు, సంస్కర్త కాడు. వెంకమ్మ సోదరుడు కరటకశాస్త్రి. ఆయన వృత్తి నాటకములలో విదూషక పాత్ర ధరించుట. తన శిష్యునకు ఆడ వేషము వేసి లుబ్ధావధానులకు వధువుగా అమ్మి, అసలు వివాహము ఆపుట ఆయన పన్నిన ఉపాయము. వేషధారియే ధర్మరక్షకుడైనాడు. ఆయనకు తోడు నిలిచినది మధురవాణి. ఆమెయు కళావంతురాలే. ఊరిలోని పెద్దమనుష్యులందరి లోపలి రూపము తెలిసినది ఆమె ఒక్కతెకే. కళాకారులు సంఘములో ఏమి చేయగలరను ప్రశ్నకు సమాధానమును కవి ఉపన్యాస రూపమున గాక పాత్ర రూపమున నాటకములోనే ఉంచినాడు.

ఈ నాటకము వాడుక భాషలో ఉండుట ఆనాడు పండితులకు రుచించలేదు. సంస్కృతాభిమానము గల నేటి పాఠకులలోను కొందరికి అది కొరతగా తోచవచ్చును. కాని నాట్యశాస్త్రము భాషావిధానమును ప్రత్యేకముగా చెప్పినది. ఏ పాత్రకు ఏ భాష తగునో నిర్దేశించినది. నాయకునకు సంస్కృతము, ఇతరులకు ప్రాకృతములు, దేశభాషలు. శూద్రకుని మృచ్ఛకటికములో ఎన్ని ప్రాకృతములు వినబడునో చదివినవారెరుగుదురు. విశాఖ మండలపు అగ్రహారములో ఇల్లాలు ఏ మాట మాట్లాడునో ఆ మాటనే వెంకమ్మ నోట పలికించుట భరతముని మార్గమునకు వెలియైనది కాదు. కాంతాసమ్మితమైన మాట ఇంటి మాట వలె ఉండవలెను గదా!

ఇక భక్తులలో బలముగా నున్న ఆక్షేపణ. ఈ నాటకము వైదికులను పరిహసించినది, అగ్రహారమును నవ్వులపాలు చేసినది, అట్టి దానిని ఆస్తికులు చూచుట ఎట్లు అని. ఈ ఆక్షేపణ తేలికగా కొట్టివేయదగినది కాదు. దీనికి సమాధానము నాట్యశాస్త్రపు మొదటి అధ్యాయములోనే ఉన్నది.

కృతయుగము గడచి త్రేతాయుగము ప్రవేశించగా జనులు కామలోభములకు వశులైరి. ఇంద్రాది దేవతలు బ్రహ్మను సమీపించి, కన్నులకు చెవులకు ప్రియమైనదియు, అన్ని వర్ణముల వారికిని అందునదియు అగు పంచమ వేదమును సృష్టింపుమని ప్రార్థించిరి. బ్రహ్మ ఋగ్వేదము నుండి పాఠ్యమును, సామము నుండి గీతమును, యజుస్సు నుండి అభినయములను, అథర్వణము నుండి రసములను గ్రహించి నాట్యవేదమును నిర్మించినాడు. కామలోభముల నివారణ కొరకే నాట్యము పుట్టినదనిన, సంఘమును దిద్దుట కళ పని కాదను మాట ఎక్కడ నిలుచును? ఇంద్రధ్వజ మహోత్సవములో భరతముని తన నూర్గురు కుమారులతో తొలి ప్రయోగము చేసినాడు. దేవతలు అసురులను జయించిన కథ అది. సభలోనున్న అసురులు ఆగ్రహించిరి. విరూపాక్షుడు మొదలైన విఘ్నములు నటుల వాక్కును, కదలికను, జ్ఞాపకమును స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజదండముతో వారిని మోదినాడు. అదియే జర్జరమైనది. అయినను విఘ్నములు పూర్తిగా తొలగలేదు. అప్పుడు బ్రహ్మ వారిని పిలిచి మీ కోపమునకు కారణమేమని అడిగినాడు. దేవతల మెప్పు కొరకు మమ్ము అవమానించినారని విరూపాక్షుడు పలికినాడు. బ్రహ్మ శాంతముగా సమాధానమిచ్చినాడు. ఈ నాట్యము దేవతల పక్షము కాదు, మీ పక్షము కాదు. ఇరువురి శుభాశుభములను, మూడు లోకముల భావములను చూపునది అని దాని తాత్పర్యము.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, తన రూపము రంగస్థలముపై చూచి ఆగ్రహించుట క్రొత్త కాదు. తొలి నాటకము తొలి ప్రదర్శనలోనే అది జరిగినది. రెండవది, ఇంద్రుని దండము చేయలేని పనిని బ్రహ్మ మాట చేసినది. కన్యాశుల్కమును చూచి మమ్ము అవమానించినారనువారు ఒక్క క్షణము నిలిచి, తాము ఎవరి స్థానములో నిలుచుండి పలుకుచున్నారో చూచుకొనవలెను. ఆ వాక్యము భరతునిది కాదు, బ్రహ్మది కాదు; విరూపాక్షునిది.

అట్లని పరిహాసమెల్ల పవిత్రమని శాస్త్రము చెప్పలేదు. నాట్యశాస్త్రము చివరి అధ్యాయములో మరియొక కథ కలదు. భరతపుత్రులు విద్యాగర్వముతో ఋషులను ఎగతాళి చేయు ప్రయోగములు చేసిరి. ఋషులు శపించిరి. మొదటి అధ్యాయములో కళాకారునకు రక్షణ. చివరి అధ్యాయములో కళాకారునకు హెచ్చరిక. ఈ రెండు అధ్యాయముల నడుమనే కళాకారుని ధర్మము ఉన్నది. కనుక అడుగవలసిన ప్రశ్న వైదికుని చూపినారా లేదా అన్నది కాదు. ఏ దృష్టితో చూపినారు అన్నది.

కన్యాశుల్కమును ఈ ప్రశ్నతో పరీక్షించిన, గురజాడ వారు ఏ పక్షమును విడిచిపెట్టలేదు. కన్యను అమ్మువానిని చూపినారు. సంస్కరణ మాటలు వల్లించి వితంతువును వంచింపజూచు గిరీశమును మరింత తీవ్రముగా చూపినారు. ఉదారుడు, సత్యసంధుడు అయిన న్యాయవాది సౌజన్యారావు పంతులు సైతము వేశ్యాజాతిని ద్వేషించుటలో మానవతను మరచినాడని చూపినారు. మరి నవ్వులపాలైన లుబ్ధావధానులను కవి ఏమి చేసినాడు? అసలు లేనే లేని వధువును హత్య చేసినాడను అభియోగములో ఆ వృద్ధుడు చిక్కుకొనగా, మధురవాణి చేత సత్యము చెప్పించి విడిపించినాడు. కన్యను కొనబోయినవాడు గదా, ఉరికంబమెక్కనిమ్మని కవి అనలేదు. దురాచారమును ద్వేషించినాడు గాని దురాచారిని ద్వేషించలేదు. నాటకము చివర సౌజన్యారావు మధురవాణి చేతిలో ఉంచినది భగవద్గీత. వేద సంప్రదాయమును తిరస్కరించు కవి తన నాటకమును గీతతో ముగించునా?

ఇప్పుడు అసలు రహస్యమునకు వత్తము. శాస్త్రాజ్ఞ వినని తండ్రి, హితవునకు చెవి మూసిన తండ్రి, నాటకము ముందు ఎందుకు కూర్చుండును? కూర్చున్న పిమ్మట ఆతనిలో ఏమి జరుగును? దీనికి భట్టనాయకుడు, అభినవగుప్తుడు చెప్పిన సాధారణీకరణ సిద్ధాంతము సమాధానము. రంగముపై నున్న సుబ్బి ప్రేక్షకుని కుమార్తె కాదు. కనుక ఆతని లోభము మేలుకొనదు, తన్ను సమర్థించుకొనవలసిన అవసరము కలుగదు. అట్లని ఆమె పరుల బిడ్డయు కాదు. కనుక నాకేమి యను ఔదాసీన్యము కలుగదు. నాది, పరులది అను రెండు భేదములును కరగి, కేవలము ఒక పసిబిడ్డ, ఒక ముసలివాడు, నడుమ ఒక ధనపు సంచి మిగులును. ఆ క్షణములో ప్రేక్షకుడు తన మమకారము అడ్డు లేక సత్యమును చూచును. రసానుభవమును బ్రహ్మానందముతో పోల్చుటకు కారణమిదియే. రెంటిలోను తొలగునది అహంకారమే.

హాస్యరసమునకు ఇందు ఒక విశేష శక్తి కలదు. భరతముని హాస్యమును ఆత్మస్థము, పరస్థము అని రెండు విధములుగా చెప్పినాడు. శాస్త్రములో ఈ విభాగమునకు అర్థము వేరుగా ఉన్నను, భావన చేయువారికి ఇందొక సూచన దొరకును. అగ్నిహోత్రావధానుల కోపమును చూచి మొదట ప్రేక్షకుడు పరుని చూచి నవ్వును. ఇల్లు చేరునప్పటికి ఆ నవ్వు తనలోనికి తిరుగును. నిన్న తాను పలికిన మాటయే అవధానులు పలికినాడని జ్ఞప్తికి వచ్చును. పరస్థము ఆత్మస్థమగు ఆ దారిలోనే సంఘము మారును. దండనకు భయపడి మానినవాడు దండన లేని చోట మరల చేయును. తన్ను తాను చూచి నవ్వుకొన్నవాడు అట్లు చేయలేడు.

హాస్యముతో చెప్పిన దానినే గురజాడ వారు కరుణముతో మరల చెప్పినారు. ముత్యాల సరముల కవి రచించిన పూర్ణమ్మ కథ తెలుగు ఇండ్లలో తెలియనివారుండరు. ఘంటసాల వేంకటేశ్వరరావు గారి కంఠములో అది మరింత మందిని చేరినది. పూర్ణమ్మ ఎవరి బిడ్డ? పూజారి బిడ్డ. కవి ఏ వర్తకుని ఇంటనో, ఏ కరణము ఇంటనో ఆమెను పుట్టించవచ్చును. అట్లు చేయలేదు. దినదినము దుర్గమ్మకు పూలు కోసి తెచ్చి అర్పించు బాలిక ఆమె. ఆ పూలతోనే అమ్మవారికి అర్చన చేయు తండ్రి ధనాశతో ఆమెను వృద్ధునకిచ్చినాడు. కాపురమునకు పంపు నాడు ఆమె ఎవరిని నిందింపలేదు. అందరి వద్ద సెలవు పుచ్చుకొన్నది. తమ్ములకు, అన్నలకు తన్ను మరువవద్దని చెప్పినది. సాయంకాలము ఒంటరిగా కొలనుకు వెళ్లి మరలి రాలేదు. దుర్గను చేరినదని కవి చెప్పినాడు.

ఈ కథను అర్చక వృత్తిలోనున్నవారు వినునప్పుడు ఒక ప్రశ్న నుండి తప్పించుకొనజాలరు. దేవికి ప్రతిదినము ఆవాహన, అర్ఘ్యము, పాద్యము, కుంకుమార్చన చేసినవాడు తన ఇంట నడయాడు దేవిని గుర్తింపలేకపోయినాడు. కన్యలందరు దేవీ స్వరూపములని నవరాత్రులలో కుమారీపూజ చేయుచునే, ఆశ్వయుజము గడచిన పిమ్మట కన్యకు వెల కట్టినాడు. మంత్రము నోట నున్నది, అర్థము హృదయములో లేదు. దుర్గ ఆ తండ్రి పూజను స్వీకరించినదా అని కవి అడుగలేదు. ఆ తండ్రి బిడ్డను స్వీకరించినదని మాత్రము చెప్పినాడు. ఇంతకంటె కఠినమైన తీర్పు లేదు. ఇంతకంటె భక్తితో కూడిన తీర్పును లేదు. క్రౌంచ పక్షి శోకము వాల్మీకి నోట శ్లోకమైనట్లు, పేరు తెలియని ఎందరో బాలికల శోకము ఈ గేయమైనది. ఆ పట్టికలోని 1,034 సంఖ్యకు ముఖము లేదు. పూర్ణమ్మకు ముఖమున్నది. సంఖ్యను చూచి ఎవ్వరు ఏడ్వరు.

అయితే ఒక నాటకము, ఒక గేయము దురాచారమును నిర్మూలించినవని చెప్పుట అతిశయోక్తి. గురజాడ వారు 1915 నవంబరు 30న పరమపదించినారు. బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1929లో గాని రాలేదు. ఆంగ్ల విద్య, ఉద్యోగములు, మారిన ఆర్థిక పరిస్థితులు, ఎందరో సంస్కర్తల శ్రమ కలిసి కన్యాశుల్కమును తొలగించినవి. కళ చేసినది ఒక్కటే. అంతకు ముందు ఆచారమని తలయెత్తి చెప్పుకొన్న దానిని, అటు పిమ్మట తల వంచి దాచుకొనునట్లు చేసినది. లజ్జ పుట్టిన చోట చట్టము నిలుచును. లజ్జ లేని చోట చట్టము కాగితమే.

దీనికి ప్రత్యక్ష నిదర్శనము మన కన్నుల ముందే ఉన్నది. కన్యకు కట్టిన వెల తొలగినది. వరునకు వెల కట్టుట మొదలైనది. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినది. అయినను కట్నమెంత అని అడుగుటకు, ఇంత ఇచ్చితిమని చెప్పుకొనుటకు నేటికిని సిగ్గుపడువారు తక్కువ. మనువు నిషేధించినది వివాహములో విక్రయమును. త్రాసు ఏ వైపు మొగ్గినదన్నది ముఖ్యము కాదు. నాడు అగ్ని ముందు కూర్చుండి కన్యావిక్రయమునకు మంత్రము చెప్పిన పురోహితుని నేడు మనము నిందింతుము. వరవిక్రయమునకు నేడు మంత్రము చెప్పు పురోహితుని రేపటి తరము ఏమనును? ఆ బేరము పీటల మీద కూర్చుండక మునుపే ముగియుచున్నదని, పురోహితునకు దానితో సంబంధము లేదని చెప్పవచ్చును. నాడును అట్లే చెప్పియుందురు.

అందుచేత గురజాడ వారి పని ముగియలేదు. ఆ పనిని మోసినవారు నటులు. సినిమాలో శంకరశాస్త్రిగా లోకమునకు తెలిసిన జె.వి. సోమయాజులు గారు అంతకు ఎంతో ముందు నుండియు రామప్పంతులు వేషము ధరించి, గిరీశము పాత్ర వేసిన సోదరుడు జె.వి. రమణమూర్తి గారితో కలిసి ఈ నాటకమును ఊరూర ఆడినారు. ఒక రాత్రి ఆడిన నాటకము తెల్లవారునప్పటికి మాయమగును. శిల్పము వలె నిలువదు, గ్రంథము వలె అరలో ఉండదు. మరల మరల ఆడువారుండవలెను, మరల మరల చూచువారుండవలెను. యజ్ఞాగ్ని వంటిది అది. సమిధ వేయుట మానిన ఆరిపోవును. నాట్యము చాక్షుష యజ్ఞమని కాళిదాసు భావించుటలోని ఔచిత్యమిదియే.

భక్తులు చేయదగిన పని చిన్నదే గాని తేలిక కాదు. ఆలయోత్సవములలో, జాతరలలో వేదిక కట్టునప్పుడు వినోదము చాలునని సరిపెట్టుకొనక హరికథకునకు, నాటక సమాజమునకు, జానపద కళాకారునకు గౌరవముతో స్థానమీయవలెను. కళాకారుడు సత్యము చూపినప్పుడు, ఆ సత్యము తమ కులమును, తమ వృత్తిని, తమ ఇంటిని తాకినప్పుడు, విరూపాక్షుని వలె లేచి నిలువక, చివరి అంకము వరకు కూర్చుండవలెను. కళాకారుడును తాను చూపువారిపై ప్రేమ కలిగి యుండవలెను; లేనిచో భరతపుత్రుల శాపము అతనికి తప్పదు.

ఇవి రెండును కుదిరిన చోట వేదము చెప్పినది, పురాణము చెప్పినది, కావ్యము చెప్పినది ఒక్కటే అగును. వివాహ మంటపములో వధువు పేరు, గోత్రము పలుకునప్పుడు, ఆమెకు గాని వరునకు గాని ఎక్కడను వెల కట్టలేదని పెద్దలు అగ్ని సాక్షిగా చెప్పగలిగిన నాడు పూర్ణమ్మ తెచ్చిన పూలు దుర్గమ్మ పాదములకు చేరినట్లు.

స్వస్తి.